రెండు వరసల ఇటుక

నాకు కోపం ఎక్కువని మా స్కూల్లో చెప్పుకుంటారు. రావికమతం హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. లెక్క తప్పు చేసినవాడి మీద నాకెప్పుడూ కోపం రాదు. పక్కవాడి కాగితంలోకి తొంగిచూసి రాసి, పైగా నాదేనని బుకాయించేవాడి మీద వస్తుంది. వాణ్ణి బెంచీ ఎక్కించి, నిజం చెప్పేదాకా దించను. మొన్న వేసవి సెలవుల్లో ఆ బెంచీ నేనే ఎక్కాల్సి వచ్చింది, అదీ మా సొంత ఇంట్లో.

నర్సీపట్నంలో మా ఇల్లు తాతగారి కాలం నాటి పెంకుటిల్లు. వీధి వైపు వసారా, మధ్యలో రెండు గదులు, వెనకాల వంటిల్లు. వంటింటి దూలాన్ని చెదలు తినేశాయి. వానాకాలం వస్తే పెంకుల సందుల్లోంచి నీళ్లు నేరుగా పప్పులో పడేవి. గోడలు మొదట్లో ఏ రంగులో ఉండేవో గుర్తున్నవాళ్లు లేరు, అంతా మసే. ఇవన్నీ నేను భరించేవాణ్ణి. భరించలేనిది పొయ్యి గట్టు. మా నాయనమ్మ కింద కూర్చుని వండే పొయ్యి తీయించి, నాన్న ఆవిడ కోసం ఆ గట్టు కట్టించాడు. ఆవిడ బాగా పొట్టి మనిషి. నేను అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ గట్టు మీద గిన్నెలోకి చూడాలంటే నడుం సగానికి మడవాలి.

లెక్కల మాస్టారికి గిన్నెలోకి చూసే పనేమిటని మీరు అడగొచ్చు. పంతొమ్మిదేళ్లుగా మా ఇంట్లో వంట నాది.

ఈ మాట ఇంత తేలిగ్గా రాయగలుగుతున్నందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది. మొన్న మే నెల దాకా ఈ సంగతి తెలిసినవాళ్లు నలుగురే. నేను, మా అమ్మ అప్పయమ్మ, నా భార్య సత్యశ్రీ, విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి. అంతే.

పంతొమ్మిదేళ్ల కింద సత్యశ్రీకి కొయ్యూరు అవతల ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పొద్దున్న ఆరింటి బస్సుకి వెళ్తే రాత్రి ఏడు దాటాక ఇల్లు చేరేది. వంట అమ్మ చేసేది. ఆ ఏడే అమ్మ నూతి గట్టు మీద జారి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ వంకరగా అతికింది. నీళ్ల చెంబు కూడా ఎడం చేత్తోనే ఎత్తాలి. వారం రోజులు హోటల్ క్యారేజీ తిన్నాం. ఎనిమిదో రోజు ఆ సాంబారు చూస్తే నాకు ఒళ్లు మండి, నేనే పప్పు వండాను. పప్పు బాగా కుదిరింది. మర్నాడు వంకాయ వండాను. అదీ కుదిరింది. లెక్క చేసినట్టే, ఏది ముందు ఏది వెనక అన్నది తెలిస్తే చాలు. నాకు ఆ పని నచ్చిందని చెప్పడానికి ఇప్పుడు నాకేం మొహమాటం లేదు. అప్పుడు ఉండేది.

అసలు మొహమాటం అమ్మది. నేను వంట మొదలుపెట్టిన మూడో రోజున నన్ను దేవుడి పటం ముందు నిలబెట్టి, ఈ సంగతి గోడ దాటనివ్వనని ఒట్టు వేయించుకుంది. దానికి కారణం లేకపోలేదు. ఏటికొప్పాకలో మా పెద్దమ్మ మొగుడు అప్పలకొండ గారు, పెద్దమ్మ మంచాన పడితే రెండేళ్లు వండిపెట్టాడు. ఊళ్లో ఆయనకి గరిటె అప్పలకొండ అని పేరు పెట్టారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఆ ఇంటి పిల్లల్ని గరిటోరి పిల్లలనే అంటారు. పెళ్లి సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు కూడా గరిటోరి ఇల్లెక్కడ అని అడుగుతూ వచ్చారట. అది అమ్మ కళ్లారా చూసింది. తన కొడుక్కి ఆ గతి పట్టకూడదని అమ్మ భయం. పిల్లలంతా హడలిపోయే మాస్టారినని నాకూ గీర ఉండేది కాబట్టి నేనూ ఒప్పుకున్నాను.

మా వీధిలో ఒక అలవాటు ఉంది. పది దాటాక ఎవరు ఎవరి గుమ్మం ముందునుంచి వెళ్లినా "ఏటి కూర?" అని అడిగి వెళ్తారు. బాగున్నారా అని అడగడం లాంటిదే ఇది. అమ్మ వసారాలో ముక్కాలి పీట మీద కూర్చుని జవాబు చెప్పేది. వసారాలోకి వెళ్లే ముందు వంటింట్లోకి తొంగిచూసి "ఒరే జగదీసూ, ఇయేల ఏటి కూర?" అని నన్ను అడిగేది. నేను ఆనపకాయ అంటే, వీధిలో ఎవరడిగినా "ఆనపకాయ వండీసినాను" అని చెప్పేది. ఆ వంకర చెయ్యి మాత్రం కొంగు కింద దాచుకునేది. పండగలకీ పబ్బాలకీ ఆ పేరు కోడలికి పోయేది, రోజువారీ వంట పేరు అమ్మకి.

సత్యశ్రీ మొదట్లో దీనికి నవ్వేది. తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత చిరాకు పడడం మొదలుపెట్టింది. చిరాకు పడడానికి కారణం పక్కింటి లోవలక్ష్మి. నేను ఆవ పెట్టి పనసపొట్టు కూర చేస్తాను, లోవలక్ష్మికి అదంటే ప్రాణం. ఒకసారి సత్యశ్రీని పట్టుకుని ఆవ ఎప్పుడు కలుపుతావని అడిగింది. సత్యశ్రీకేం తెలుసు, ముందే కలిపేస్తానంది. లోవలక్ష్మి కూర చేదొచ్చింది. మళ్లీ అడిగింది. ఈసారి సత్యశ్రీ మధ్యలో అంది. మళ్లీ చేదే. కావాలనే కిటుకు దాస్తోందని లోవలక్ష్మికి కోపం వచ్చి రెండు నెలలు మాట్లాడలేదు.

"మీరు చేసిన కూరకి మెప్పూ నాకొద్దు, తిట్లూ నాకొద్దు. చెప్పేయండి, పోతాది" అంది సత్యశ్రీ.

"అమ్మకి ఒట్టు వేశాను" అన్నాను. అది సగం నిజం. మిగతా సగం నా గీర.

ఈలోగా నా నడుం పాడైంది. డాక్టరు వంగే పనులు మానేయమన్నాడు. ఏం పని చేస్తారని అడిగితే బోర్డు మీద లెక్కలు రాస్తానన్నాను. బోర్డుకి వంగక్కర్లేదు కదండీ అని ఆయన నా వైపు అదోలా చూశాడు. వంటింటిని పడగొట్టి నా ఎత్తుకి సరిపోయే గట్టు కట్టించుకోవాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. గట్టు మీది రాయి ఒకసారి సిమెంటులో కూర్చుందంటే ముప్పై ఏళ్లు అక్కడే ఉంటుంది. గట్టు ఎత్తు తక్కువైతే నేను వంట మానాలి, లేదా నడుం మీద ఆశ వదులుకోవాలి. రెండూ నాకు ఇష్టం లేదు.

మేస్త్రి పేరు దేవుళ్లు. అరవై దాటినవాడు, మాట తక్కువ. ఇటుకలూ సిమెంటూ అందించడానికి మంగ అనే ఆవిడ వచ్చేది. మొదటి రోజే వంటింటి పైకప్పు దించేశారు. అప్పటిదాకా ఇల్లు బాగుచేయించుకోవడం అంటే ఏమిటో నాకు తెలియదు. బియ్యం డబ్బా మంచం పక్కకి వచ్చింది. పోపుల డబ్బా టీవీ పక్కన చేరింది. పచ్చడి జాడీ నా లెక్కల పుస్తకాల అలమారలో దూరింది. ఎంత మూత పెట్టినా పెరుగు మీద ఎర్రటి దుమ్ము తేలేది. చెంచా కోసం వెతికితే సుత్తి దొరికేది. ఈ మూడు వారాల్లో నాకొచ్చిన కోపానికి స్కూలు తెరిచి ఉంటే పిల్లలు ఏమైపోయేవారో.

అసలు చిక్కు పొయ్యి దగ్గర వచ్చింది. పాత వంటింటికి ఒక్కటే కిటికీ, అదీ పెరట్లోకి. తలుపు వేసుకుంటే నేను ఏం చేస్తున్నానో పురుగుకి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు గ్యాసు పొయ్యి పెట్టడానికి వసారా ఒక్కటే మిగిలింది. వసారాకి ఎదురుగా వీధి. అమ్మ ఆలోచించి, వసారా మూలకి తాడు కట్టి నీలం దుప్పటి వేలాడదీసింది. దాని వెనక నేల మీద పొయ్యి, పీట మీద నేను. దుప్పటికి ఇవతల ముక్కాలి పీట మీద అమ్మ.

నేను వండుతుంటే అమ్మ మాట్లాడేది. "అబ్బబ్బ, ఈ పప్పు ఎంత సేపటికీ ఉడకదు కదా" అని వీధికి వినపడేలా విసుక్కునేది. నేను గరిటె గిన్నెకి కొడితే, అప్పుడే లేచి ఏదో సర్దుతున్నట్టు గాజులు చప్పుడు చేసేది. ఒకసారి ఎండుమిర్చి ఘాటుకి నేను తుమ్మాను. మరుక్షణం అమ్మ కూడా తుమ్మింది, నా తుమ్ము తనదేననిపించేలా. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ వయసులో అమ్మ చేత తుమ్మించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడో రోజున మంగ తాగడానికి నీళ్లడుగుతూ దుప్పటి తొలగించి లోపలికి వచ్చేసింది. నా ఎడం చేతిలో గరిటె, కుడి చేతిలో ఉప్పు.

"రెగ్యులేటరు చూస్తున్నానమ్మా, గ్యాసు సరిగ్గా రావడం లేదు" అన్నాను.

మంగ నన్ను చూసింది, గరిటెని చూసింది, గిన్నెలో కుతకుతలాడుతున్న పులుసుని చూసింది. "అలాగేనండి" అని చెంబుతో నీళ్లు ముంచుకుని వెళ్లిపోయింది. ఆ రోజంతా నేను ఆవిడ మొహం చూడలేదు.

ఆదివారం దేవుళ్లు గట్టుకి కొలత తీసుకుంటానన్నాడు. ఆయన కొలత టేపుతో తీయడు. వంట చేసే మనిషిని గోడకి పక్కగా నిలబెట్టి, చేతికి గరిటె ఇచ్చి, ఇంకొకరిని ఖాళీ గిన్నె ఎత్తి పట్టుకోమని, రోజూ కలిపేటట్టు కలపమంటాడు. మోచెయ్యి దగ్గర గోడ మీద బొగ్గుతో గీత గీస్తాడు. నేల నుంచి ఆ గీతకి బెత్తెడు కింద వరకు దారం పట్టి ముడి వేస్తాడు. ఆ ముడే గట్టు ఎత్తు. పని అయ్యేదాకా ఆ దారం ఆయన మొలలో ఉంటుంది.

"ఎవరి సెయ్యి కొల్దామండి?" అని అడిగాడు.

"ఇంకెవరిదీ, కోడలిదే" అంది అమ్మ తడుముకోకుండా, వంకర చెయ్యి కొంగు కిందికి సర్దుకుంటూ.

సత్యశ్రీ నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను చెప్పాల్సిన క్షణం అదేనని నాకు తెలుసు. నోరు తెరిస్తే ఒక్క మాట. నేను పైకి చూశాను. అక్కడ పైకప్పు కూడా లేదు, ఆకాశంలో గద్ద తిరుగుతోంది. సత్యశ్రీ వెళ్లి గోడ పక్కన నిలబడింది. తను అయిదడుగుల మనిషి. గిన్నె నేనే పట్టుకున్నాను. తను గరిటెని ఇంజెక్షను సూది పట్టుకున్నట్టు మూడు వేళ్లతో పట్టుకుని తిప్పింది. దేవుళ్లు ఆ చేతిని కాసేపు చూశాడు. ఏదో అనబోయి మానేశాడు. గీత గీసి, దారానికి ముడి వేశాడు.

సాయంత్రం నేను నా మోచెయ్యి ఎత్తు కొలుచుకున్నాను. తేడా సరిగ్గా ఆరంగుళాలు.

సత్యశ్రీ ఆ రోజు నాతో దెబ్బలాడుతుందని అనుకున్నాను. దెబ్బలాడి ఉంటే బాగుండేది. పడుకునే ముందు ఒక్క మాట అంది. "ముప్పై ఏళ్లు ఆ గట్టు దగ్గర నిలబడేది మీరు. నేను కాదు."

మర్నాడు నా తెలివి ఉపయోగించాను. దేవుళ్లుని పక్కకి పిలిచి, గట్టు ఇంకో ఆరంగుళాలు ఎత్తుంటే మంచిదని, వాస్తు ప్రకారం అలా ఉండాలని చెప్పాను.

"వాస్తు దిక్కు సెప్తాదండి, ఎత్తు సెప్పదు" అన్నాడాయన. "అమ్మగారికి గిన్నిలోకి అవుపించాల కదండీ. పీటెక్కి వండుతారేటి?"

ఇటుకల వరసలు లేస్తున్నాయి. గురువారం నల్లరాయి పలక వస్తుంది. బుధవారం మధ్యాహ్నం దేవుళ్లూ మంగా భోజనాలకి కూర్చున్నప్పుడు నేను వంటింట్లోకి వెళ్లాను. తడిగుడ్డతో బొగ్గు గీత తుడిచేశాను. నా మోచెయ్యి ఆనించి, ఆరంగుళాల పైన కొత్త గీత గీశాను. గీస్తుంటే, ఇరవై ఆరేళ్లలో ఎంతమంది పిల్లల్ని ఈ పనికే బెంచీ ఎక్కించానో గుర్తొచ్చింది. అయినా గీశాను.

భోజనం చేసి వచ్చిన దేవుళ్లు గీత వైపు చూశాడు. మొలలోంచి దారం తీశాడు. ఒక కొస నేలకి ఆనించి నిలబెట్టాడు. ముడి నా గీతకి ఎంతో కింద ఆగింది. గుడ్డ తీసుకుని నా గీత తుడిచేసి, పాత చోటే మళ్లీ గీశాడు.

"గీత సెరిపితే పోతాదండి మాస్టారూ. దారంలో ముడి ఉన్నాది" అన్నాడు మెల్లగా. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తలెత్తితే గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు.

గురువారం పొద్దున్న దుప్పటి వెనక చారు కాస్తున్నాను. చారు పొంగింది, పొయ్యి తగ్గించడానికి పీట మీంచి సగం లేచి ముందుకి వంగాను, అంతే. నడుం పట్టేసింది. పైకి లేవలేను, కిందికి కూర్చోలేను. ఒక చెయ్యి నేల మీద పెట్టి, ఒక చెయ్యి గోడకి ఆనించి ఊపిరి బిగబట్టుకుని ఉండిపోయాను. అరిస్తే వీధికి వినిపిస్తుందని అరవలేదు. దుప్పటి అవతల అమ్మ "ఈ సారు పొంగిపోతన్నాదర్రా" అని యథాప్రకారం వీధికి వినిపిస్తోంది. లోపలినుంచి గరిటె చప్పుడు రాకపోయేసరికి దుప్పటి తొలగించి చూసింది. నన్ను ఆ భంగిమలో చూసింది. తన మంచి చేత్తో నా చంక కింద పట్టుకుని లేపింది. పొయ్యి తనే ఆపేసింది.

పది గంటలకి నల్లరాయి పలక వచ్చింది. నలుగురు మనుషులు మోసుకొచ్చి వంటింటి గోడకి ఆనించి వెళ్లారు. లోవలక్ష్మి తన ఇంట్లో కూడా అలాంటి రాయే వేయించుకోవాలని చూడడానికి వచ్చింది. మంగ సిమెంటు కలుపుతోంది. దేవుళ్లు ఆఖరి వరస ఇటుక మీద దారం పట్టి, సరిపోయిందని తల ఊపాడు. నేను నడుం మీద చెయ్యి వేసుకుని ఓ మూల నిలబడ్డాను. ఇంకో అరగంటలో పలక కూర్చుంటుంది. నా బతుకు దాని ఎత్తుకి కుదించుకోవడమే మిగిలింది.

"దేవుళ్లూ, ఆగు" అంది అమ్మ.

గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడూ కొంగు కింద ఉండే కుడి చెయ్యి బయట ఉంది. ఆ వంకర మణికట్టుతోనే గరిటె పట్టుకుంది. దాని బరువుకి చెయ్యి వణుకుతోంది.

"ఏటమ్మా?" అన్నాడు దేవుళ్లు.

"నువ్వు కొల్సిన సెయ్యి వండే సెయ్యి కాదు. మా కోడలు గరిటి వదిలీసి పంతొమ్మిదేళ్లయింది. నాను పట్నేను, ఇదిగో, సూడు ఎలాగుందో. ఈ ఇంట్లో వండేది నా కొడుకు. ఆడి సెయ్యి కొలు."

మంగ సిమెంటు కలపడం ఆపింది. లోవలక్ష్మి ముక్కు మీద వేలు వేసుకుంది. ఆకాశం విరిగి మీద పడుతుందని పంతొమ్మిదేళ్లుగా భయపడిన మాట ఇదే. అమ్మ నోటినుంచి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ముందుగా మాట్లాడింది లోవలక్ష్మి. "అయితే పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలపాలో మాస్టార్ని అడగాలన్నమాట. ఇన్నాళ్లూ తెలక సత్యశ్రీని అడిగి సచ్చినాను" అంది. నా మొహంలోకి నిజంగానే జవాబు కోసం చూస్తోంది.

"పొయ్యి మీదనుంచి దించేశాక కలపాలమ్మా" అన్నాను. గొంతు కీచుమంది. సవరించుకుని మళ్లీ చెప్పాను. "కూర కాస్త చల్లారనివ్వాలి. ఆవపిండిలో కాస్త ఉప్పూ పసుపూ వేసి నూరి, అప్పుడు కలపాలి. పొయ్యి మీదుండగా వేస్తే చేదెక్కుతుంది."

"అదీ" అంది లోవలక్ష్మి, ఎన్నాళ్లనుంచో ఆగిన లెక్క తేలినట్టు. "సల్లారినాక. సూసినావా. ఆ పిల్ల పొయ్యి మీద ఎయ్యమంది."

అంతే. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఒక వంట సంగతి నా నోటితో నేను బయటి మనిషికి చెప్పడం అదే మొదటిసారి. మా క్లాసులో ఏ సూత్రం చెప్పినప్పుడూ నాకంత హాయిగా అనిపించలేదు.

దేవుళ్లు దారం చేతిలోకి తీసుకుని పాత ముడి విప్పడం మొదలుపెట్టాడు. గట్టిగా బిగుసుకుపోయింది, పంటితో విప్పాడు. "రండి మాస్టారూ" అన్నాడు. నేను గోడ పక్కన నిలబడ్డాను. అమ్మ గరిటె నా చేతికిచ్చింది. గిన్నె మంగ పట్టుకుంది. నేను కలిపాను. రోజూ ఎలా కలుపుతానో అలాగే, అడుగునుంచి పైకి. దేవుళ్లు నా మోచెయ్యి దగ్గర గీత గీసి, కాస్త వెనక్కి జరిగి చూశాడు.

"ఇదండీ వండే సెయ్యంటే" అన్నాడు. "ఆ రోజు అమ్మగారి సెయ్యి సూసి నాకు అనుమానమొచ్చిందండి. పెద్దోళ్ల ఇంటి సంగతి మనకెందుకని ఊరుకున్నాను."

"ఇప్పుడు కట్టిందంతా పడగొట్టాలా?" అని అడిగాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "ఎందుకండీ పడగొట్టడం? రెండు వరసల ఇటుక పైన ఏస్తే సరిపోద్ది. ఈ ముక్క ఆదివారమే సెప్పుంటే రాయి ఈపాటికి కూకునుండును."

రెండు వరసల ఇటుక. నేను పంతొమ్మిదేళ్లు మోసినదాని ఎత్తు అంతే. నాకు నవ్వొచ్చింది. నవ్వితే నడుం నొప్పెట్టింది, అయినా ఆపుకోలేకపోయాను. మంగ కూడా నవ్వేసి, "రెగ్యులేటరు బాగయ్యిందేటండీ మాస్టారూ?" అని అడిగింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నాక నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ఒట్టు వేయించుకున్నది నువ్వే కదా, ఎందుకు చెప్పావని అడిగాను.

అమ్మ కాసేపు వంకర చెయ్యి నిమురుకుంది. "నువ్వు దొంగలాగ గోడ మీద గీత సెరుపుతుంటే సూసినాను నాయినా" అంది. "సిన్నప్పుడు పెన్సిలు ముక్క దొరికినా బడిలో అప్పసెప్పీసి వచ్చీవోడివి. నిన్ను గరిటోడంటారని బయపడి నాను నిన్ను దొంగని సేసీసినాను. గరిటోడే నయం."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. చెప్పాలంటే ఏడ్చాను. ఇంతకాలం గోడ దాటనివ్వనిది వంట సంగతే అనుకున్నాను, అమ్మ భయాన్ని కూడా లోపలే ఉంచేశాను. అమ్మ భయం పోగొట్టాల్సింది నేను. నా గీర చూసుకుని ఆ పని చెయ్యలేదు. ఆ మాటే అమ్మతో అన్నాను. "సాల్లే, అన్నం తిను, సల్లారిపోతాది" అంది.

సత్యశ్రీ ఏడున్నరకి వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్లింది, పలక కూర్చుందో లేదో చూద్దామని. పైన రెండు వరసలు తడిగా, కొత్తగా ఉన్నాయి. పలక ఇంకా గోడకి ఆనించే ఉంది, మర్నాడు వేస్తామన్నారు. ఆ ఇటుకల పక్కన నిలబడి చూసుకుంది. పై వరస తన ఛాతీ కిందికి వచ్చింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"నాకు గిన్నెలోకి కనపడదు" అంది.

"నీకెందుకు కనపడడం?" అన్నాను.

తను బ్యాగు అక్కడే ఇటుకల మీద పెట్టేసి నవ్వడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్లుగా ఆరింటి బస్సెక్కి కొండలెక్కి దిగి వచ్చే మనిషి, ఆ సాయంత్రం అలసట లేకుండా నవ్వింది. "లోవలక్ష్మికి చెప్పారా?" అని అడిగింది. చెప్పానన్నాను. "అమ్మయ్య" అంది. ఆ అమ్మయ్యలో ఎంత బరువు దిగిందో నాకు వినిపించింది. ఆ మనిషిని నేను ఇన్నేళ్లూ ఎంత విసిగించానో అప్పుడే తెలిసింది.

మర్నాడు పలక వేశారు. సిమెంటు ఆరేదాకా వంట వసారాలోనే చేయక తప్పలేదు. కాకపోతే పొద్దున్న లేచేసరికి దుప్పటి లేదు. అమ్మ ఉతికి పెరట్లో ఆరేసింది. నేల మీదున్న పొయ్యిని మంగ సాయంతో సిమెంటు బస్తాల మీదికి ఎక్కించింది. నేను నిలబడి వండుకునేలా పెట్టారు. అమ్మ ఎప్పటిలాగే ముక్కాలి పీట వేసుకుని వీధి వైపు తిరిగి కూర్చుంది. నేను పోపు వేశాను. పోపు చిటపటలాడగానే అమ్మ అలవాటుగా నోరు తెరిచింది, ఏం మాట్లాడాలో తోచక మళ్లీ మూసుకుంది. కాసేపటికి చిన్నగా ఏదో పాట తీసుకుంది. అమ్మ పాడగా నేను విని ఎన్నేళ్లయిందో.

పదింటికి తాతాజీ గారు సంచీ పట్టుకుని బజారు నుంచి వస్తున్నారు. రోజూ ఈ దారినే వస్తారు, రోజూ అదే మాట అడుగుతారు.

"ఏటమ్మా అప్పయమ్మా, ఇయేల ఏటి కూర?"

అమ్మ నా వైపు కూడా చూడలేదు. "నాకేటి తెలుసు బాబూ" అంది. "వండేవోడు అల్లక్కడ ఉన్నాడు. ఆణ్ణే అడుగు."

తాతాజీ గారు తలెత్తి నన్ను చూశారు. చేతిలో గరిటె, భుజం మీద తువ్వాలు, ఎదురుగా గిన్నె. ఆయన మనవడు మా స్కూల్లోనే చదువుతున్నాడు, పోయినేడు రెండుసార్లు బెంచీ ఎక్కాడు.

"దొండకాయ వేపుడండీ" అన్నాను, వీధంతా వినపడేలా. "ఇంకో పావుగంట పడుతుంది. కూర్చోండి."